మామా, నా చెయ్యే మంచిగ లేదా?

మా అక్క కూతురు చిన్నికి ఐదేళ్లు, యూకేజీ చదువుతోంది. తన తెలుగు కాపీ తెరిస్తే ముందు కనిపించేది అక్షరాలు కాదు, మరక. ప్రతి వరుస మీదా ఎడమ నుంచి కుడికి పెన్సిల్ పొడిని ఎవరో కావాలని పులిమినట్టు ఉంటుంది. మిగతా పొడి తన ఎడమ అరచేతి అంచుకి, చిటికెన వేలి పక్కన నల్లగా అంటుకుని ఉంటుంది. మా అమ్మ ఆ చెయ్యి కడుగుతూ "బడికి పోయినవా, బొగ్గుల బట్టికి పోయినవా బిడ్డా" అంటది.

చిన్నిది ఎడమచేతి వాటం. అనుమానం ముందు నుంచే ఉన్నా, బాసరలో అక్షరాభ్యాసం రోజు ఖాయమైపోయింది. పలక ముందు కూర్చోబెట్టగానే ఎడమ చెయ్యి చాపింది. అమ్మ గబుక్కున ఆ చెయ్యి వెనక్కి పెట్టి కుడి చెయ్యి ముందుకు లాగింది. మళ్లీ ఎడమ. మళ్లీ కుడి. ఆ రోజు నేను తీసిన ఫొటో ఇప్పటికీ ఫోన్‌లో ఉంది. అందరూ కెమెరా వైపు చూసి నవ్వుతున్నారు. చిన్ని మాత్రం అమ్మమ్మ గుప్పిట్లో ఉన్న తన ఎడమ చెయ్యి వైపు చూస్తోంది.

అక్క వాళ్లుండేది కామారెడ్డిలో. అమ్మ, బాపు ఎల్లారెడ్డిలో. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, వీలైన శనివారం కామారెడ్డి స్టేషన్‌లో రైలు దిగి, అక్కనీ చిన్నినీ వెంటేసుకుని, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి బస్సెక్కుతా. అంటే చిన్ని చెయ్యి మీద గొడవ వారమంతా కామారెడ్డిలో నడిస్తే, ఆదివారం పంచాయితీ ఎల్లారెడ్డిలో జరిగేది.

పంచాయితీలో గట్టి గొంతు బాపుదే. "చిన్నగున్నప్పుడే మార్పాలె. నేను మారలేదా?" అనేవాడు.

నిజమే, బాపు మారాడు. 1970ల్లో బడికి పోయిన రోజుల్లో, బలపం ఎడమ చేత్తో పట్టినప్పుడల్లా సారు ఆ వేళ్ల మీద కట్టెతో కొట్టేవాడట. కొన్నాళ్లకి బలపం కుడి చేతికొచ్చింది. ఇంకేదీ రాలేదు. గొడ్డలి ఎడమ చేత్తోనే, కొడవలి ఎడమ చేత్తోనే, క్యారమ్ బోర్డు ముందు కూర్చున్నా ఎడమ చేత్తోనే. కలం ఒక్కటే కుడి చెయ్యి. ఆ కలం పట్టుకోవాల్సి వస్తే చాలు, మనిషి మొహమే మారిపోతుంది.

2018లో రైతుబంధు మొదటిసారి ఎకరానికి 4,000 రూపాయల చొప్పున చెక్కులు ఇచ్చారు కదా. అప్పుడు బాపుతో బ్యాంకుకి నేనూ వెళ్లా. రెండుసార్లు సంతకం పెట్టాడు. ఒకదానికొకటి కలవలేదు. "ఏలుముద్ర ఎయ్యి పెద్దమనిషీ" అన్నాడు కౌంటర్లో అతను. పదో తరగతి చదివిన మా బాపు మాట్లాడకుండా బొటనవేలు ఇంకు ప్యాడ్ మీద పెట్టాడు. ఎడమ బొటనవేలు. మన దగ్గర మగవాళ్ల వేలిముద్ర మామూలుగా ఎడమ చేతిదే తీసుకుంటారు. రాయడానికి పనికిరాదని కొట్టిన చెయ్యే అక్కడ పనికొచ్చింది.

అది చూశాను కాబట్టి చిన్ని విషయంలో ఊరుకోలేదు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్ నింపేశా. పదిమందిలో దాదాపు ఒకరిది ఎడమచేతి వాటమే, అదేం చెడ్డ అలవాటు కాదు అని. సచిన్ బ్యాటింగ్ కుడిచేత్తో చేసినా రాసేది ఎడమచేత్తోనే అని. అమితాబ్, ఒబామా కూడా అంతే అని. (ఆ ఊపులో గంగూలీని కూడా కలిపేశా. ఆయన బ్యాటింగే ఎడమ, రాసేది కుడిచేత్తో. బావ ఆ తప్పు పట్టుకుని వారం రోజులు నన్ను ఆడుకున్నాడు.) పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17 కింద నిషేధం అని కూడా పెట్టా. ఆగస్టు 13, అంతర్జాతీయ ఎడమచేతి వాటం వాళ్ల దినోత్సవం రోజు స్టేటస్ కూడా. చివరికి బాపు "మీ ఇష్టమున్నట్టు చేసుకోర్రి" అని లేచిపోయాడు.

గెలిచాననుకున్నా. చిన్ని చెయ్యి ఎవరూ మార్చొద్దు, దాని మానాన దాన్ని వదిలేయాలి. అంతే. టికెట్ క్లోజ్.

ఆరు నెలలకి ఒక రాత్రి అక్క ఫోన్. "తమ్మీ, రోజూ ఇదే ఏడుపురా. హోంవర్క్ అనంగనే కడుపునొస్తుంది అంటది. రైటింగ్ నీట్‌గ లేదని మేడమ్ డైరీల మళ్ల రాసింది. బాపు చెప్పిందే కరెక్టేమో..." వెనక నుంచి చిన్ని ఫోన్ లాక్కుంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "మామా, నా చెయ్యే మంచిగ లేదా?"

దానికి ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. ఒబామా గురించి చెప్తే దానికేం అర్థమవుతుంది?

ఆ ఆదివారం ఎల్లారెడ్డిలో, మాట్లాడకుండా పక్కన కూర్చుని అది రాయడం చూశా. అంతకుముందు ఎప్పుడూ అలా చూడలేదని అప్పుడే తెలిసింది. మణికట్టుని కొక్కెంలా వంచేసి, వరుస పైనుంచి చెయ్యి తిప్పి రాస్తోంది. పెన్సిల్‌ని ములుకు దగ్గరే పట్టుకుంది, కాబట్టి రాసే అక్షరం దాని వేళ్ల వెనకే దాక్కుంటోంది. కనిపించడం కోసం మెడ వంచి, దాదాపు కాపీ మీద పడుకుంటోంది. నాలుగు వరుసలకే చెయ్యి విదిలించింది.

మేమంతా "మార్చొద్దు" అన్నాం సరే. "ఇట్ల రాయి" అని ఒక్కరం కూడా చెప్పలేదు. కుడిచేతి పిల్లలకి అది అడక్కుండానే దొరుకుతుంది. టీచర్ చెయ్యి చూస్తారు, అమ్మ చెయ్యి చూస్తారు, పక్క పిల్లని చూస్తారు. చిన్ని ఎవరి చెయ్యి చూడాలి? మా ఇంట్లో ఉన్న ఇంకొక్క ఎడమచేతి మనిషి కుడిచేత్తో రాస్తాడు.

రాత్రి అందరూ పడుకున్నాక దాని కాపీలోంచే ఒక కాగితం చింపి, ఎడమ చేత్తో అ నుంచి ఱ వరకు రాయడానికి కూర్చున్నా. ఉ, ఊ దగ్గరికొచ్చేసరికే వేళ్లు పీకడం మొదలైంది. కుడిచేత్తో రాసేటప్పుడు మనం పెన్సిల్‌ని లాగుతాం. ఎడమ చేత్తో అయితే నెట్టాలి. నెడితే ములుకు కాగితంలో దిగబడుతుంది. మనం చూడకుండా టిక్కుమని పెట్టేసే తలకట్టు అసలు పడనే లేదు. పైగా అచ్చువేసిన మాదిరి అక్షరం ఎడమ చివర ఉంటుంది, అది నా చెయ్యి కిందే ఉంది. చూసి రాయాలంటే ప్రతిసారీ చెయ్యి ఎత్తాలి. ఱ దాకా వెళ్లలేదు, "చ" దగ్గర ఆపేశా. అరచెయ్యి తిప్పి చూస్తే చిన్ని చెయ్యి లాగే నల్లగా ఉంది.

తర్వాత ఎవరైనా చేసేదే, యూట్యూబ్. కాగితం ఏటవాలుగా తిప్పాలని చెప్పారు. తిప్పా. రెండు ఆదివారాలు ఎంత కష్టపెట్టినా ఇంకా ఘోరంగా తయారైంది. మూడో వారం వీడియో మళ్లీ చూస్తే దొరికింది నా బగ్. నేను నాకు అలవాటైన వైపు తిప్పా. అంటే కుడిచేతి వాళ్లు తిప్పే వైపు. ఎడమచేతి వాళ్లకి అది పూర్తిగా రివర్స్. కాగితం పైభాగం కుడి పక్కకి వాలాలి, గడియారం ముల్లు తిరిగే దిక్కుకి, ఓ 30 డిగ్రీలు. కాగితం కూడా ఎదురుగా కాదు, కొంచెం ఎడమ పక్కకి జరిగి ఉండాలి. దిక్కు చూడకుండా కోడ్ కాపీ పేస్ట్ చేసే నాలాంటివాడికి పిల్లని అప్పజెబితే ఇంతే. రెండు వారాల పాటు దాన్ని అనవసరంగా ఏడిపించినందుకు "సారీ బిడ్డా, మామది తప్పు" అన్నా. "నీకు గుడ రాదా?" అంది ఆశ్చర్యంగా. అప్పటి నుంచి నా మాట కాస్త వినడం మొదలుపెట్టింది.

మిగతావి చిన్న చిన్నవి. పెన్సిల్ ములుకుకి అంగుళం పైన ఒక రబ్బరు బ్యాండు చుట్టా, వేళ్లు దానికి కిందికి జారొద్దని. మణికట్టు వరుసకి కిందే ఉండాలి, అప్పుడు కొక్కెం అక్కర్లేదు, రాసింది కనిపిస్తుంది, మరకా తగ్గుతుంది. లైటు కుడి పక్కనుంచి పడాలి, లేకపోతే సొంత చెయ్యి నీడే రాతని కప్పేస్తుంది. మాదిరి అక్షరాన్ని ప్రతి వరుసలో కుడి చివర కూడా నేనే రాసి పెట్టా. కొన్ని రోజులు పెన్సిల్ మానేసి వాకిట్లో ఇసుకలో, పెద్ద పెద్ద సున్నాలు. 3 తిరగేసి రాస్తుందని అక్క భయపడింది కానీ, ఆ వయసులో కుడిచేతి పిల్లలూ అలాగే తిప్పి రాస్తారు, దాని గురించి కంగారు పడొద్దని చెప్పా. ఎడమచేతి మెండర్ కోసం కామారెడ్డిలో స్టేషనరీ షాపుకి వెళ్తే, షాపాయన నన్ను పైనుంచి కిందికి చూసి "మెండర్‌కు గుడ చెయ్యి ఉంటదా అన్నా?" అన్నాడు. ఉంటుంది. ఆన్‌లైన్‌లో తెప్పించాం. మన ఫోన్‌లో కీబోర్డుని ఏ చేతి పక్కకి కావాలంటే ఆ పక్కకి జరుపుకునే సెట్టింగ్ ఉంది, పలక బలపానికి మాత్రం లేదు.

కామారెడ్డిలో అక్క వాళ్ల పక్కింటి అమ్మాయి ఉర్దూ నేర్చుకుంటోంది. ఒకరోజు ఇద్దరూ కలిసి రాసుకుంటుంటే చిన్ని పరుగెత్తుకొచ్చింది. "మామా, అక్క అటు దిక్కు నుంచి రాస్తది!" ఉర్దూ కుడి నుంచి ఎడమకి కదా. ఆ అమ్మాయి కుడి అరచెయ్యి చూపించింది, అంచు నల్లగా. ఎడమచేత్తో ఉర్దూ రాస్తే మరకే పడదు. చిన్ని రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసుకుంది. ఆ రోజు ఫోన్‌లో అడిగిన ప్రశ్నకి జవాబు నా నుంచి కాదు, ఆ నల్లటి అరచేతి నుంచి దొరికిందనుకుంటా. మళ్లీ ఆ ప్రశ్న అడగలేదు.

బడి సంగతి ఒకటి మిగిలింది. బెంచీ మీద పక్క పిల్లాడి మోచెయ్యి తగిలి గీతలు పోతున్నాయని చిన్ని కంప్లైంట్. నేను ఎల్లారెడ్డిలో అక్కతో దీని గురించి మాట్లాడుతుంటే, గొడవలు మానేశాక ఈ విషయంలో నోరు విప్పని బాపు, చుట్ట పక్కన పెట్టి అన్నాడు. "ఎడమ కొసకు కూసోబెట్టమనుర్రి. వరి కోతలప్పుడు నన్ను గట్లనే నిలబెడ్తుండె. నడుమ నిలబడితె పక్కోని చెయ్యి తగుల్తది, కొడవండ్లు కొట్టుకుంటయ్."

అంతే, ఇంకేం అనలేదు. యూట్యూబ్‌లో నెల రోజులు తిరిగిన నాకు ఇది తట్టలేదు.

అక్క వెళ్లి మేడమ్‌కి చెప్పింది. ఆమె చెడ్డ మనిషేం కాదు, క్లాసు నిండా పిల్లలు, ఒక్కతే టీచర్. "నాకెవరూ చెప్పలేదండీ ఇట్లా" అని మర్నాడే చిన్నిని బెంచీ ఎడమ చివరికి మార్చింది. కాపీ అడ్డంగా తిప్పి రాస్తే తిట్టడం కూడా మానేసింది.

అమ్మతో మాత్రం రాజీ పడ్డాం. తినడం, ప్రసాదం తీసుకోవడం, ఎవరికైనా ఏదైనా ఇవ్వడం కుడి చేత్తో. రాయడం, బొమ్మలు వేయడం దాని ఇష్టం. ఈ రాజీ నాకు పూర్తిగా నచ్చలేదు, ఆ చెయ్యి మీద ఇంకా ఒక మచ్చ మిగిల్చినట్టే అనిపిస్తుంది. అమ్మ మాత్రం "నలుగుట్ల పోరిని ఒక మాట అంటరురా, నీకేం దెలుసు" అంటది. దానికీ నా దగ్గర జవాబు లేదు. చిన్ని అయితే షాపులో చాక్లెట్‌కి కుడి చేత్తో డబ్బులిచ్చి, ఎడమ చేత్తో చాక్లెట్ తీసుకుంటుంది.

రాత ఇప్పటికీ గొప్పగా ఏం లేదు. తలకట్టు కుడి నుంచి ఎడమకి గీస్తుంది, ప్రస్తుతానికి వదిలేశా. గుణింతాల్లో ఏత్వం దగ్గర తడబడుతుంది. కానీ హోంవర్క్ అంటే కడుపు నొయ్యడం లేదు. మరక సగానికి తగ్గింది.

మొన్న ఆదివారం రాత్రి నీళ్ల కోసం లేస్తే ముందు రూంలో లైటు వెలుగుతోంది. బాపు కింద కూర్చుని ఉన్నాడు, ముందు చిన్ని పలక. బలపం ఎడమ చేతిలో ఉంది. నన్ను చూసి అరచేత్తో పలక తుడిచేశాడు. ఏం రాశాడో కనపడలేదు. నేను చూడనట్టే నీళ్లు తాగి వెళ్లిపోతుంటే, వెనక నుంచి మెల్లగా పిలిచాడు.

"అరేయ్, గా కాయితం ఎటు దిక్కు తిప్పాలన్నవ్?"