మెయిన్ ఆపేసేలోపు

ఫిబ్రవరి చివర. గుంటూరు మిర్చి యార్డు బయట టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వేసుకున్న లారీలు, ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. ముక్కుకు తుండు చుట్టుకున్నా ఘాటుకు దగ్గు ఆగడం లేదు. నా సంచిలో ల్యాప్‌టాప్, ఖాళీ హార్డ్ డిస్కులు, నెట్‌వర్క్ కేబుళ్ళు, వాటికి చివర్లు బిగించే క్రింపింగ్ టూలు ఉన్నాయి. ఇక్కడి నుంచి చిలకలూరిపేట, మార్టూరు మీదుగా ఒంగోలు దాకా కొన్ని కోల్డ్ స్టోరేజీల్లో, జిన్నింగ్ మిల్లుల్లో, కొట్లలో మూలపడ్డ బ్యాకప్‌లను దారిలో పెట్టడం నా పని. 2022లో జిల్లాలు విడగొట్టాక చిలకలూరిపేట పల్నాడులోకి, మార్టూరు బాపట్లలోకి పోయాయి గానీ, పత్తి, మిర్చి వ్యాపారం చేసేవాళ్ళకు ఈ దారంతా ఇప్పటికీ గుంటూరు, ప్రకాశమే.

మొదటి మజిలీ ఊరి అంచున ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీ. ధర లేనప్పుడు రైతు తన కాయను ఇక్కడికి తెచ్చి ఏసీలో పెడతాడు. వాళ్ళిచ్చే బాండు చూపించి బ్యాంకులో అప్పు తెచ్చుకుంటాడు. తేజా రకం ఎన్ని టిక్కీలు, 334 రకం ఎన్ని, ఏ లాటు ఏ ఛాంబర్లో ఏ అంతస్తులో ఉంది, అద్దె ఎంత బాకీ, ఏ బాండు ఏ బ్యాంకులో ఉంది, ఇవన్నీ ఆఫీసు గదిలోని ఒక్క కంప్యూటర్లో ఉంటాయి. ఆ డిస్కు పోతే లోపల సరుకు చల్లగా, క్షేమంగానే ఉంటుంది. అది ఎవరిదో చెప్పే ఆధారమే ఉండదు. ఒక రైతు ఏడాది కష్టం ఆ ఫైల్లో ఒక వరస. నాకు ఈ పని మీద ఇంత పట్టుదల అందుకే.

వీళ్ళందరి దగ్గరా నడుస్తున్నది బ్యాకప్‌పీసీ. క్రెయిగ్ బారట్ 2001లో విడుదల చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది, లోపలి కోడ్ అందరూ చూడొచ్చు, మార్చుకోవచ్చు. పక్కన పడేసిన పాత కంప్యూటర్లో లైనక్స్ ఎక్కించి దీన్ని పెడితే చాలు, మిగతా కంప్యూటర్ల దగ్గరికి నెట్‌వర్క్ మీద తానే వెళ్ళి ఫైళ్ళు తెచ్చుకుంటుంది. ఒకే ఫైలు పది కంప్యూటర్లలో ఉన్నా ఒక్కసారే దాచుకుంటుంది. ఇంతకన్నా పెద్దవి లేకపోలేదు. మేరీలాండ్ యూనివర్సిటీలో 1990ల మొదట్లో పుట్టిన అమాండా ఉంది. కెర్న్ సిబాల్డ్ 2000లో మొదలుపెట్టిన బాక్యులా ఉంది. బాక్యులాలో ఆజ్ఞలిచ్చే డైరెక్టర్ వేరు, నిల్వచేసే స్టోరేజ్ డీమన్ వేరు, ప్రతి కంప్యూటర్లో ఫైల్ డీమన్ వేరు, వీటికి తోడు కేటలాగ్ డేటాబేస్. టేపుల మీద దాచే పెద్ద సంస్థకు అది సరిగ్గా సరిపోతుంది. గుమస్తా ఒక్కడే చూసుకోవాల్సిన చోట మాత్రం అన్ని భాగాలుంటే ఏది ఆగిందో తెలుసుకోవడమే ఒక పని అవుతుంది. ఈ ప్రాంతానికి బ్యాకప్‌పీసీయే మేలని నా నమ్మకం.

కోల్డ్ స్టోరేజీలో ఎవరో లైనక్స్‌ను కొత్త వెర్షన్‌కు మార్చారు. అప్పటి నుంచి కాటా గదిలోని కంప్యూటర్ బ్యాకప్ ఆగిపోయింది. లాగ్ తెరిస్తే రోజూ ఒకటే మాట, 'ప్రోటోకాల్ నెగోషియేషన్ ఫెయిల్డ్'. కాటా గదిలో ఉన్నది విండోస్ ఎక్స్‌పీ. బరువు చూపే పరికరంతో మాట్లాడే ప్రోగ్రాం దాని మీదే నడుస్తుంది, మార్చడానికి వీల్లేదు. ఫైళ్ళు పంచుకోవడానికి ఎక్స్‌పీకి తెలిసింది ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్ ఒక్కటే. లైనక్స్ వైపు ఆ పనిచేసే సాంబా 2019లో వచ్చిన 4.11 వెర్షన్ నుంచి ఆ పాత భాషను మామూలుగా ఒప్పుకోదు. ఒకరు మాట్లాడేది ఇంకొకరు వినరు, ఇద్దరూ బాగానే ఉన్నా బ్యాకప్ లేదు.

పాత వెర్షన్‌ను ఎందుకు మూసేశారో మనవాళ్ళకు బాగా గుర్తుండాలి. 2017 మేలో వన్నాక్రై ప్రపంచమంతా పాకింది ఆ మొదటి ఎస్‌ఎంబీలోని కంత గుండానే. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి, గుంటూరు జిల్లావీ వాటిలో ఉన్నాయని అప్పుడు పత్రికలు రాశాయి. అందుకని సర్వర్ మొత్తానికి పాత భాష తెరవడం నాకు ఇష్టం లేకపోయింది. బ్యాకప్‌పీసీలో ప్రతి కంప్యూటర్‌కూ విడిగా సెట్టింగులు ఉంటాయి. కాటా గది కంప్యూటర్ సెట్టింగులో మాత్రమే, సాంబాను పిలిచే వరసలో పాత వెర్షన్‌కు అనుమతి ఇచ్చాను. సర్వర్‌కు రెండో నెట్‌వర్క్ కార్డు బిగించి, ఎక్స్‌పీ నుంచి తిన్నగా దానికే కేబుల్ లాగాం. ఇప్పుడు ఆ కంప్యూటర్ ఇంటర్నెట్‌ను చూడదు, ఆఫీసు కంప్యూటర్లనూ చూడదు.

అసలు ప్రమాదం అది కాదు. ఆఫీసు కంప్యూటర్ బ్యాకప్ ఏ రోజూ ఆగలేదు, కంప్యూటర్ల స్థితి చూపే హోస్టుల పేజీలో పచ్చగా వెలుగుతోంది. అక్కడ చాలా ఏళ్ళుగా ఉన్న పెద్ద గుమస్తా దాన్ని చూపించి, "ఇది బానే ఉందిగా బాబూ, దీన్ని కదిలించకు" అన్నారు.

"కదిలించను బాబాయ్. ఒక్కసారి వెనక్కి తీసి చూద్దాం" అన్నాను.

ముందు రోజు బ్యాకప్‌ను వేరే ఫోల్డర్‌లోకి రిస్టోర్ చేశాం. ఉత్తరాలు వచ్చాయి, ఫొటోలు వచ్చాయి, పాత బిల్లుల ప్రింట్లు వచ్చాయి. స్టాకు రిజిస్టర్ ఫైలు లేదు. ఎర్రర్ల లాగ్‌లో ఆ ఫైలు పేరు పక్కన 'షేరింగ్ వయొలేషన్' అని ఉంది. స్టాకు ప్రోగ్రాం పొద్దున్న తెరిస్తే సాయంత్రం దాకా ఆ ఫైలును పట్టుకునే ఉంటుంది, ఇంకెవరినీ చదవనివ్వదు. బ్యాకప్ వేలాది ఫైళ్ళు తెచ్చుకుని, దొరకని ఒక్కదాన్ని లాగ్‌లో రాసి, పని అయిందని చెబుతోంది. దొరకనిది సరిగ్గా కావలసినది. గుమస్తా గారు కుర్చీలోంచి లేచి వచ్చి, తెర మీద ఖాళీ చోటును వేలితో తాకి, "నెలల తరబడి ఇంతేనా?" అన్నారు. ఇంతే.

స్టాకు ప్రోగ్రాంలోనే తన నకలు తాను తీసుకునే మెనూ ఒకటి ఉంది, దాన్ని ఎవరూ వాడటం లేదు. మధ్యాహ్నం భోజనానికి లేచేముందు ఆ మెనూ నొక్కి ప్రోగ్రాం మూసేయాలి. నకలు వేరే ఫోల్డర్‌లోకి పోతుంది, దాన్ని ఎవరూ పట్టుకుని ఉండరు. ఆయన తిని వచ్చేలోపు బ్యాకప్‌పీసీ ఆ ఫోల్డర్‌ను తీసుకుంటుంది. ఆ మధ్యాహ్నమే చేసి, మళ్ళీ రిస్టోర్ చేసి, వచ్చిన రిజిస్టర్‌లో ఏదో ఒక లాటు చెప్పమన్నాను. ఆయన తన కాగితపు పుస్తకం తెచ్చి, లాటు వెంట లాటు సరిచూసుకుంటూ చాలాసేపు కూర్చున్నారు. నేను తొందరపెట్టలేదు.

చిలకలూరిపేట దగ్గర జిన్నింగ్ మిల్లుది ఇంకో కథ. అక్కడ బ్యాకప్ సర్వర్ కొత్తది, డిస్కు పెద్దది. అయినా కొత్త బ్యాకప్‌లు ఏవీ మొదలుకావడం లేదు. డిస్కు 95 శాతం నిండితే బ్యాకప్‌పీసీ కొత్తవి తీసుకోవడం ఆపేస్తుంది, ఇది ఆ గీత దాటేసింది. నిజానికి పాత బ్యాకప్‌లు ఎప్పటికప్పుడు తీసేసినట్టే లెక్కల్లో కనబడుతోంది, అవి ఆక్రమించిన చోటు మాత్రం ఖాళీ కావడం లేదు. ప్యానెల్ తీసి చూస్తే ఫ్యాన్ రెక్కలకు దూది పీచు పొరలు పొరలుగా పట్టింది. డిస్కు వేడి చూశాను, అదీ ఎక్కువే. శుభ్రం చేశాను, కానీ డిస్కు నిండటానికి కారణం అది కాదు.

కారణం సాయంత్రం తెలిసింది. షిఫ్టు అయిపోగానే మిల్లు మేనేజర్ వెళ్ళి మెయిన్ ఆపేశారు. యంత్రాలు, లైట్లు, ఆఫీసు, సర్వర్, అన్నీ ఒక్కసారి చీకటి. విడి దూది గుట్టలుగా ఉండే చోట చిన్న నిప్పురవ్వ చాలు. "రాత్రి కరెంటు ఉంచితే మాకు నిద్ర పట్టదండీ" అన్నారాయన. ఆ భయం న్యాయమైనది. కాలిన మిల్లులు చూసినవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

బ్యాకప్‌పీసీ గంట గంటకూ నిద్రలేచి ఎవరి బ్యాకప్ తీయాలో చూసుకుంటుంది. ఆ గంటల పట్టికే వేకప్ షెడ్యూల్. అందులో మొదటి అంకె పడే వేళకే తన గోదాం ఊడ్చుకుంటుంది, అంటే ఎవరికీ అక్కర్లేని ఫైళ్ళను డిస్కు మీద నుంచి నిజంగా తుడిచేది అప్పుడే. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే పట్టికలో మొదటి అంకె 1, అంటే రాత్రి ఒంటిగంట. ఈ మిల్లులో ఒంటిగంటకు ఏనాడూ కరెంటు లేదు. పెట్టిన రోజు నుంచి ఒక్కసారి కూడా ఊడ్చుకోలేదు పాపం. పట్టికలో 15ను ముందుకు తెచ్చాను, మధ్యాహ్నం 3 గంటలు. ఒక్క అంకె స్థానం మారింది. మర్నాడు మూడున్నరకు డిస్కు నిండిన శాతం దిగడం మొదలైంది, మేనేజర్ గారు కాఫీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడి చూశారు.

ఇలాంటిదే ఇంకోటి. డిస్కు నిండకముందు, పొద్దున్న పత్తి బండ్లు వరసకట్టే వేళకు కాటా కంప్యూటర్ నత్తనడక నడిచేదని ఫిర్యాదు. పని వేళల్లో బ్యాకప్ తీయొద్దని చెప్పే బ్లాకౌట్ సెట్టింగు బ్యాకప్‌పీసీలో ఉంది, సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 7 నుంచి రాత్రి 7.30 వరకు. కానీ అది ఎప్పుడూ నెట్‌వర్క్‌లో కనబడే కంప్యూటర్లకే వర్తిస్తుంది. వరసగా 7 సార్లు పలికితేనే ఆ కంప్యూటర్ నిలకడైనదని లెక్క. అలా వరసగా పలకని కంప్యూటర్ ఆ లెక్కకు రాదు, అది కనబడగానే దొరికిందే చాలని బ్యాకప్‌పీసీ బ్యాకప్ మొదలుపెట్టేస్తుంది. ఆ 7ను 0 చేస్తే నిబంధన అందరికీ వర్తిస్తుంది. బ్లాకౌట్‌ను ఉదయం నుంచి ఒంటిగంట వరకు ఒకటి, 3 గంటల నుంచి రాత్రికి ఒకటి పెట్టి, మధ్యలో భోజనాల వేళ వదిలాను. సీజన్లో మిల్లుకు శని, ఆదివారాలు లేవు కాబట్టి వారంలో అన్ని రోజులూ చేర్చాను.

దీన్ని రాసినవాళ్ళ తప్పు ఇందులో ఏమీ లేదు. రాత్రిళ్ళు కంప్యూటర్లు వెలుగుతూ ఉండే, శని ఆదివారాలు సెలవుండే ఆఫీసును మనసులో పెట్టుకుని ఆ అంకెలు పెట్టారు, వాటిని మార్చుకునే దారీ తెరిచే ఉంచారు. మనవాళ్ళు సాఫ్ట్‌వేర్ ఎక్కించి, వచ్చిన అంకెలను వచ్చినట్టే వదిలేస్తున్నారు, బాధ అక్కడ. ఎక్కించే మనిషి ఒక పూట మిల్లులో కూర్చుని మెయిన్ ఎప్పుడు వేస్తారో, ఎప్పుడు ఆపుతారో చూస్తే చాలు.

మార్టూరు దాటాక రోడ్డుకు అటూ ఇటూ కళ్ళాలు ఎర్రగా పరుచుకున్నాయి. ఆడవాళ్ళు వరసగా కూర్చుని తాలుకాయ ఏరుతున్నారు. పత్తి చేలల్లో ఆఖరి తీతలు కూడా అయిపోయి మోళ్ళు మిగిలాయి. మేదరమెట్ల, గుండ్లకమ్మ వంతెన, తర్వాత ఒంగోలు.

ఒంగోలులోది విత్తనాలు, పురుగుమందులు అమ్మే కొట్టు, హెడ్డాఫీసు గుంటూరులో. ఇక్కడి డేటా అక్కడి సర్వర్‌కు చేరాలి. లైను నెమ్మది. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ 1996లో తెచ్చిన ఆర్‌సింక్ మారిన ముక్కలను మాత్రమే పంపుతుంది కాబట్టి రోజువారీ పనికి ఈ లైను చాలు. మొదటిసారి మొత్తం పంపడమే కుదరడం లేదు, సగంలో తెగి మళ్ళీ మొదలవుతోంది. అందుకని మొత్తం డేటాను ఒక డిస్కుకు ఎక్కించి, తాళపు మాట లేకపోతే తెరుచుకోకుండా ఎన్‌క్రిప్ట్ చేసి, కొట్టు మనిషి చేతికిచ్చి బస్సెక్కించాం. రైతుల బాకీలున్న డిస్కును ఊరికే పంపడం తగదు.

గుంటూరులో దాన్ని ఒక కంప్యూటర్‌కు తగిలించి, ఫోల్డర్ల పేర్లు ఒంగోలులో ఉన్నట్టే ఉంచారు. బ్యాకప్‌పీసీలో క్లయింట్ నేమ్ ఏలియాస్ అని ఒక సెట్టింగు ఉంది. బ్యాకప్ పేరు ఒంగోలు కొట్టుదే, వెళ్ళే చిరునామా మాత్రం గుంటూరులోని ఆ కంప్యూటర్‌ది అని చెప్పాం. పక్కనే ఉంది కాబట్టి మొదటి ఫుల్ బ్యాకప్ హాయిగా అయిపోయింది. తర్వాత చిరునామాను అసలు ఒంగోలు కంప్యూటర్‌కు తిప్పాం. ఆ రాత్రి లైను మీద పోయింది మధ్యలో మారిన ఫైళ్ళే.

కొట్లో లెక్కలు చూసే అక్కయ్య గారితోనే మొదటి రిస్టోర్ చేయించాను. ఆవిడ ఒక రైతు ఖాతాను ఎంచుకుని, రెండు వేర్వేరు రోజుల నకళ్ళు తీసి పక్కపక్కన పెట్టుకున్నారు. తర్వాత నన్ను అడిగిన ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు. "విత్తనం మొలవలేదని కిందటి సీజన్ బిల్లు పట్టుకుని వస్తారు తమ్ముడూ. రెండేళ్ళ కిందటిది కూడా ఇలా చూడొచ్చా?"

ఉన్నపళంగా చూడలేం, దాచడం నిన్ననే మొదలైంది. ఇకముందు చూడగలిగేలా పెట్టొచ్చు. ఎన్ని ఫుల్ బ్యాకప్‌లు ఉంచాలో చెప్పే ఫుల్ కీప్ కౌంట్ సెట్టింగులో 4, 0, 4, 0, 0, 3 అని వేశాం. వారానికొక ఫుల్ లెక్కన మొదటి 4 వారం వారం, తర్వాతి 4 నాలుగేసి వారాల ఎడంతో, చివరి 3 ముప్ఫైరెండేసి వారాల ఎడంతో నిలుస్తాయి. అన్నీ కలిపితే రెండేళ్ళు దాటుతుంది. ఆవిడ కాగితం మీద కూడి చూసుకుని సరే అన్నారు. అమావాస్య రోజు బేరాలు తక్కువని, ప్రతి అమావాస్యకూ క్యాలెండర్ గడిలో 'రిస్టోర్' అని రాసుకున్నారు. ఏ ఫైలు తీయాలో ఆ రోజు కొట్లో ఇంకొకరు చెబుతారు, ఆవిడ తీసి చూపిస్తారు.