మాటకూ చేతకూ నడుమ

జరిగిన యుద్ధాలకు కేటాయించినన్ని పుటలు, జరగకుండా ఆగిపోయిన యుద్ధాలకు చరిత్ర గ్రంథాలు కేటాయించవు. రక్తం చిందిన చోట స్తంభాలు వెలుస్తాయి. చిందకుండా తప్పిన చోట జనం ఎవరి ఇళ్లకు వారు వెళ్లి అన్నం తింటారు. ఈ విషయంలో పుదుచ్చేరిది కొంత ప్రత్యేకత. పట్టణానికి పడమట ఉన్న కీళూరు గ్రామంలో, ఓట్ల ద్వారా తేలిన ఒక వివాదానికి స్మారకం ఉన్నది.

1954 నాటికి ఫ్రెంచి పాలిత ప్రాంతాల సమస్య పదునెక్కింది. సరిహద్దులలో ఆంక్షలు బిగిశాయి. గ్రామాలలో ఘర్షణలు సాగాయి. జూన్ 13న మన తెలుగు యానాంలో దడాల రఫేల్ రమణయ్య మొదలైన వారి నాయకత్వాన ఫ్రెంచి పాలన తొలగింది. ప్రజాభిప్రాయ సేకరణ ఎలా జరగాలన్న దానిపై రెండు ప్రభుత్వాల మధ్య ఏళ్ల తరబడి నలిగిన తగవుకు చివరకు ఒక మధ్యేమార్గం దొరికింది. ప్రజలు ఎన్నుకొన్న ప్రతినిధుల సభ సభ్యులు, పురపాలక సభ్యులు కలిసి తీర్పు చెప్పాలన్నదే ఆ మార్గం. అక్టోబరు 18న కీళూరులో 178 మంది సమావేశమయ్యారు. 170 మంది విలీనాన్ని కోరారు. ఎనిమిది మంది వ్యతిరేకించారు. అక్టోబరు 21న ఢిల్లీలో ఒప్పందం కుదిరింది. నవంబరు 1న పరిపాలన చేతులు మారింది. తీర్పుకూ దాని అమలుకూ మధ్య గడిచింది రెండు వారాలే. మాట కుదరని గోవాలో 1961 డిసెంబరులో సైన్యం కదలవలసి వచ్చింది.

అదే అక్టోబరు 18వ తేదీకి తెలుగువారి చరిత్రలో మరొక సంబంధం కూడా ఉన్నది. కీళూరు తీర్పుకు సరిగ్గా యాభై ఏళ్ల తరువాత, 2004లో, హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ నక్సలైటు నాయకులకూ మధ్య నాలుగు రోజుల చర్చలు ఆనాడే ముగిశాయి. దశాబ్దాలుగా అడవుల్లో తుపాకులతో ఎదురుపడుతున్న ఇరుపక్షాలు ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయి. ప్రభుత్వ బృందానికి హోంమంత్రి కె. జానారెడ్డి, అవతలి పక్షానికి రామకృష్ణ నాయకత్వం వహించారు.

వారిని ఆ బల్ల దగ్గరకు చేర్చిన కృషిలో ప్రధానమైనది పౌర స్పందన వేదికది. 1997లో ఏర్పడిన ఈ వేదికకు విశ్రాంత ఐ.ఎ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ సారథి. పాత్రికేయులు పొత్తూరి వెంకటేశ్వరరావు, న్యాయవాది కన్నబిరాన్, ఆచార్య హరగోపాల్ వంటి వారు అందులో పనిచేశారు. వారు పల్లెలకు వెళ్లి బాధితుల మాట విన్నారు. బూటకపు ఎన్‌కౌంటర్లను ప్రశ్నించిన నోటితోనే మందుపాతరలనూ ప్రశ్నించారు. ఇరుపక్షాలకూ లేఖలు రాశారు, ఇరుపక్షాల నిష్ఠురాలూ భరించారు.

శంకరన్ మాటకు ఆ విలువ ఎక్కడిది? తమిళనాడులో పుట్టి తెలుగునాట ఉద్యోగం చేసిన ఆయన, సాంఘిక సంక్షేమ శాఖలో ఉండగా వెట్టిచాకిరి నిర్మూలన చట్టాన్ని పల్లెలకు నడిపించారు. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి మన్యంలోని గుర్తేడు దగ్గర నక్సలైట్లు ఆయనను, తోటి అధికారులను బందీలుగా పట్టుకొన్నారు. ఖైదులో ఉన్న కొందరిని ప్రభుత్వం విడుదల చేసిన తరువాతనే వారు బయటపడ్డారు. బందీగా ఉండి వచ్చినవాడే పదేళ్ల తరువాత పట్టుకొన్న వారితో మాట్లాడాలని ప్రభుత్వానికి చెప్పాడు. అందుకే ఆ సలహాను పిరికితనమని గాని, పక్షపాతమని గాని కొట్టివేయడం ఎవరికీ సులువు కాలేదు. మధ్యవర్తికి కావలసిన నమ్మకం చర్చల రోజున పుట్టదు. అది ఉద్యోగకాలమంతా దస్త్రం వెంట దస్త్రంగా కూడబెట్టవలసిన సొత్తు.

అయినా ఆ శాంతి నిలువలేదు. కాల్పుల విరమణకు ఇరుపక్షాలూ సంతకం చేసిన పత్రమంటూ లేకపోయింది. ఆయుధాలతో గ్రామాలలో తిరగవచ్చునా అన్న ప్రశ్న తెగలేదు. భూపంపిణీ కోరికకు స్పష్టమైన గడువు రాలేదు. ఎన్‌కౌంటర్లు మళ్లీ మొదలైనాయి. 2005 జనవరిలో మావోయిస్టులు చర్చల నుండి వైదొలగారు. ఆగస్టు 15న నారాయణపేటలో శాసనసభ్యుడు సి. నర్సిరెడ్డి, మరికొందరు హత్యకు గురయ్యారు. రెండు రోజులలో నిషేధం తిరిగి వచ్చింది.

చరిత్ర విద్యార్థిగా ఈ రెండు అక్టోబరులను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు స్పష్టమయ్యేది ఒకటే. 1954లో మాట వెనుక తేదీ ఉన్నది. 2004లో మాట ఉన్నది గాని తేదీ లేదు. రెండు సార్వభౌమ ప్రభుత్వాల తగవూ, ఒక ప్రభుత్వానికీ సాయుధ పక్షానికీ మధ్య తగవూ ఒకటి కావన్నది నిజమే. సాయుధ పక్షంతో వ్యవహారం మరింత కఠినం. కఠినమైన చోటనే గడువుల అవసరం ఎక్కువ.

ఇది రాజ్యాల స్థాయి సత్యం మాత్రమే కాదు. ఇరవై ఏళ్లుగా అర్జీలు అందుకొంటున్న ఉద్యోగిని నేను. పట్టా కోసమో పింఛను కోసమో వచ్చిన మనిషి నా ఎదుట మొదట అడిగేది న్యాయం గురించి కాదు. "మళ్లీ ఎప్పుడు రమ్మంటారయ్యా?" అని అడుగుతాడు. తేదీ చెబితే నమస్కరించి వెళతాడు. ఆ తేదీన పని జరిగితే ప్రభుత్వం మీద అతని నమ్మకం మరొక ఏడాది బతుకుతుంది. "చూద్దాం" అన్న జవాబు నాలుగుసార్లు విన్నవాడు అయిదోసారి కార్యాలయానికి రాడు. ఎక్కడికి వెళతాడో మనకు తెలియదు. తెలిసే నాటికి అది పోలీసు శాఖ వ్యవహారమై ఉంటుంది.

పండుగలకు ముందు, అల్లర్ల తరువాత మనం శాంతి సంఘాలను సమావేశపరుస్తాము. ఊరి పెద్దలు వస్తారు, తీర్మానాలు చదువుతాము. అవి అవసరమే. అయితే ఆ సంఘం పెద్దలకు ఊళ్లో విలువ నిలవాలంటే, వారు మన తరఫున ఇచ్చిన మాట నెరవేరాలి. పౌర సమాజం అప్పు తెచ్చి ఇచ్చేది నమ్మకాన్ని. దానిని తీర్చవలసింది మాత్రం ప్రభుత్వమే. ఆ బాకీ గడువులోగా తీరిన చోట, కీళూరులో వలె, ఓట్లు లెక్కించి ఊరుకోవచ్చు.