గాలిచక్రము

ఇనుపపట్టా బిగించిన ఎద్దుబండిలో సంతకు పోయి వచ్చునప్పటికి మా చిన్నతనమున ఒడలెల్ల నొచ్చెడిది. పిమ్మట మా యూరికి టైరుబండి వచ్చెను. ఎడ్లకు శ్రమ తగ్గినదని మా నాయన మురిసెను. ఆ గాలిటైరును వాడుకలోనికి తెచ్చినవాడు పశువైద్యుడే యని అప్పటికి మే మెఱుగము.

ఆయన పేరు జాన్ బాయిడ్ డన్‌లప్. 1840లో స్కాట్లండున పుట్టి, ఐర్లండులోని బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యము చేయుచుండెను. 1887లో తన కుమారుని మూడుచక్రముల సైకిలు గతుకుబాటపై కుదుపుచుండుట చూచెను. పలుచని రబ్బరుగొట్టమున గాలి నింపి, కొయ్యచక్రమునకు చుట్టి, పెరటిలో దొర్లించెను. సైకిలు చక్రము నడుమనే పడిపోయెను. ఇది మాత్రము చివరనున్న స్తంభమును తాకి వెనుకకు మఱలెను!

1888లో పేటెంటు పొందెను. మఱుసటి యేడు డబ్లిన్‌లో కంపెనీ వెలసెను. ఇంతలో పిడుగు పడినది. థామ్సన్ అను మఱియొక స్కాట్లండువాడు 1845లోనే ఇట్టి చక్రమునకు పేటెంటు పొందియుండెను. డన్‌లప్ ఆ సంగతి యెఱుగడు. అయినను ఆయన పేటెంటు చెల్లదనిరి. ఇందెవరిని తప్పుపట్టుదుము? కంపెనీ యితర పేటెంట్ల బలమున వర్ధిల్లెను. తన హక్కును వాటాలకు మార్చుకొన్న డన్‌లప్ మాత్రము గొప్ప ధనికుడు కాలేదు. 1921లో మరణించెను.

నేను ఉపాధ్యాయుడనైన పిదప తొక్కిన సైకిలు టైరుపై ఆయన పేరు ఉబ్బెత్తు అక్షరములతో నుండెడిది. అది చూపి, ఈయన పశువైద్యుడని మా నాయనతో చెప్పితిని. ఆయన లేచి పోయి, బండిచక్రమును తడిమి, "అదియా సంగతి!" అనెను.