అడవికీ డూపు వుంటుంది!

మీరెప్పుడైనా అడవిలో రాత్రి గడిపారా? సినిమాలో కాదు సుమండీ, నిజం అడవిలో!

సినిమా అడవి సంగతి మనకు కొట్టిన పిండే. నక్క ఒకటి కూస్తుంది (అన్ని సినిమాల్లోనూ ఆ ఒక్క నక్కే!), గుడ్లగూబ తల తిప్పుతుంది, ఫెళఫెళమని వాన, ఎదురుగా ఖాళీ గుడిసె, అందులో మన కోసమే అన్నట్టు ఎండు కట్టెలు. ఆ తరవాత ఏముంటుందో మీకు నేను చెప్పాలా? పాట!

పైగా తెర మీద అడవి చాలాసార్లు తాను చెప్పుకునే అడవి కాదు. 1977లో జనాన్ని వూపేసిన 'అడవి రాముడు' చాలా భాగం తమిళనాడులోని ముదుమలై అడవుల్లో తీశారు. 2021 డిసెంబరులో వచ్చిన 'పుష్ప' కథేమో శేషాచలం కొండల్లో నడుస్తుంది. షూటింగు చాలా రోజులు జరిగింది మారేడుమిల్లిలో. ఎక్కడి శేషాచలం, ఎక్కడి మారేడుమిల్లి! ఎర్రచందనం సహజంగా పెరిగేది శేషాచలం, వెలిగొండ, లంకమల, పాలకొండల వైపు. మారేడుమిల్లిలో మీకు కనబడేది వెదురు, టేకు, మధ్య మధ్య కాఫీ, మిరియాల తోటలు. అంటే ఒక అడవికి ఇంకో అడవి డూపు వేసిందన్న మాట!

ఆ డూపు వేసిన అడవిలోనే మొన్న జనవరిలో మేం ఆరుగురం రెండు రాత్రులు వున్నాం.

మేమంతా కాలేజీలో చదివే రోజుల్లో మొదటి ఆట కోసం చొక్కాలు చింపుకున్న బాపతు. ఇప్పుడొకడు లెక్కల మాస్టారు, ఇద్దరు బ్యాంకు, ఒకడికి ఎరువుల వ్యాపారం, నేనిలా కాగితాలు ఖరాబు చేస్తున్నాను. ఆరోవాణ్ణి మేం 'డైరెక్టరు' అంటాం. అయ్యాడని కాదు. అవుతాడని. ఏడేళ్ళుగా ఫిలింనగర్లో అసిస్టెంటుగా క్లాపు కొట్టాడు, కంటిన్యుటీ రాశాడు, హీరోగారికి కొబ్బరి బొండాం కూడా అందించాడు. "అడవి చూసుకుని ఇటునించిటే తుని వెళ్ళిపోతాన్రా. నాన్న కొట్లో కూచుంటాను" అని బయల్దేరేముందే ఫోన్లో చెప్పాడు. అందరికీ తెలుసు. దారి పొడుగునా ఆ వూసు ఎవరూ ఎత్తలేదు.

రాజమండ్రినుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి 90 కిలోమీటర్ల లోపే. చోడవరం దాటాక కొండలు దగ్గిరికి జరుగుతాయి, సెల్‌ఫోనులో గీతలు ఒక్కొక్కటే ఆరిపోతాయి. వూరు దాటి కొంత దూరం వెళితే వాలమూరు ఏరు. వాలి సుగ్రీవులు కొట్టుకున్నది ఇక్కడేనని అక్కడివాళ్ళు చెబుతారు. ఆ ప్రాంతంలో అడవి శాఖవారూ, స్థానిక వన సంరక్షణ సమితులవాళ్ళూ కలిసి నడిపే విడుదులున్నాయి. మేం దిగినదీ అలాంటిదే. కర్రగది, వెదురు తడిక గోడ, నేల మీద ఆరు పరుపులు. స్విచ్చి వెతికి ప్రయోజనం లేదు, చీకటి పడ్డాక లాంతరే. (వెళ్ళదలుచుకున్నవాళ్ళకు చిన్న మాట: ఏజెన్సీలో మలేరియా వుంది, దోమతెర మరిచిపోకండి. సిగరెట్ పీకలూ ప్లాస్టిక్ సంచులూ మాత్రం మళ్ళీ మీతోనే తెచ్చుకోండి.)

మాకు వండి పెట్టినాయన ఒక కొండరెడ్డి పెద్దాయన. ఆయన బొంగులో చికెన్ చేస్తుంటే చూడాలి! పచ్చి వెదురు బొంగు, ఒక పక్క కణుపు మూసి వున్నది, నరుక్కొచ్చాడు. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి, నిమ్మరసం పట్టించిన ముక్కలు అందులో కూరి, మూతికి ఆకులు దోపి నిప్పుల మీద దొర్లించాడు. నూనె చుక్క లేదు! "ఎండు బొంగు అయితే అంటుకుపోద్ది బాబూ. పచ్చిదయితే దాని నీరే ముక్కని ఉడికిస్తాది" అన్నాడు. ముప్పావుగంట తరవాత బొంగు చీలిస్తే వచ్చిన వాసన రాయడానికి ఈ పత్రికలో పేజీలు చాలవు!

మాటల మధ్య తెలిసింది, షూటింగు జరిగిన రోజుల్లో సామాన్లు మోసినవాళ్ళలో ఆయనా వున్నాడట. ఆ సినిమా తరవాత టీవీలో చూశాడట.

"మా కొండ కనబడింది బాబూ. పేరు మాత్రం వేరే పెట్టారు."

"కోపం రాలేదా?" అన్నాడు లెక్కల మాస్టారు.

"కోపమెందుకు? మా వూళ్ళో నాటకం ఆడితే రాముడేషం కట్టినోణ్ణి ఇంటి పేరడుగుతామా? మా మనవలకి మాత్రం చెప్పాను, అది మనదేరా అని."

రెండో రాత్రి చలిమంట దగ్గిర చేరాం. ఎవరో అన్నారు: "ఒరే డైరెక్టరూ, ఆ కథ మాకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. చెప్పు." వాడు కాసేపు నిప్పులే చూశాడు. "ఏడుగురు ప్రొడ్యూసర్లు విన్నారు. ఇంటర్వెల్ దాకా విన్నది ఇద్దరే" అన్నాడు. అని మొదలుపెట్టాడు.

అబ్బ, ఏం చెప్పాడండీ! లేచి నిలబడ్డాడు. హీరో వాడే, విలన్ వాడే, గుడి మెట్ల మీద కూచుని ఏడ్చే తల్లీ వాడే. ఏటి గలగల, కీచురాళ్ళ రొద, వీడి గొంతు. మంటలో ఎక్కడో వెదురు కణుపు ఫటేలుమని పేలితే ఇంటర్వెల్ బ్యాంగు అదేననుకుని ఎగిరిపడ్డాం! పెద్దాయన కూడా గిన్నెలు తోమడం ఆపి వచ్చి పక్కన గొంతుకూచున్నాడు. ఏ ప్రొడ్యూసరూ అంత శ్రద్ధగా విని వుండడు.

క్లైమాక్సు అడవిలో. అర్ధరాత్రి హీరో వెదుళ్ళలోంచి పరుగు, వెనక టార్చీలతో రౌడీలు. అక్కడ పెద్దాయన చెయ్యి ఎత్తాడు.

"ముళ్ళ వెదురు పొదలో పరిగెడితే ఒంటి మీద తోలు మిగలదు బాబూ. పైగా ఎండాకు మీద మనిషి అడుగు పడితే అల్లంత దూరానికి వినబడిపోద్ది. ఆళ్ళకి టార్చీ ఎందుకు? నోరు మూసుకుని నిలబడితే చాలదా?"

మేం ఘొల్లుమన్నాం. వాడు నవ్వలేదు. కళ్ళు చిట్లించి, "అయితే వాడేం చేస్తాడు తాతా?" అన్నాడు.

"కదలడు. తెల్లారేదాకా కదలడు. ఏటి చప్పుడు ఎటుందో విని, ఆ చప్పుడులోకి దిగి నడుస్తాడు. నీళ్ళలో అడుగు వినబడదు."

ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. పెద్దాయనే మళ్ళీ అడిగాడు, "ఇంతకీ మీ కథలో ఆ అడవి పేరేంటి బాబూ?"

మావాడి దగ్గిర జవాబు లేదు. ఏడేళ్ళుగా ఆ ఫైల్లో 'అడవి, రాత్రి' అని మాత్రమే రాసుకున్నాడు. లాంతరు తీసుకుని గదిలోకి వెళ్ళాడు. మాకు నిద్దర పట్టేదాకా తడిక సందుల్లోంచి ఆ వెలుగు కనబడుతూనే వుంది.

మర్నాడు తెల్లవారుజామున జీపులో గుడిస కొండకు వెళ్ళాం. పైన చెట్లు లేవు, కనుచూపు మేరా గడ్డే. కింద లోయ నిండా మంచు. చూసొచ్చినవాళ్ళంతా దీన్ని గురించి పేజీలకు పేజీలు రాస్తారు కనక నేను రాయను. డైరెక్టరు రాలేదు. పెద్దాయనతో ఏటి వెంట నడుస్తూ వుండిపోయాడు.

సాయంత్రం రాజమండ్రిలో వాడు తుని బస్సే ఎక్కాడు. మాలో ఎవరం వద్దనలేదు. వాళ్ళ నాన్నకు మోకాళ్ళు పనిచెయ్యడం లేదు, చెల్లెలి పెళ్ళి అప్పు అలాగే వుంది. వద్దనడానికి మాకు నోరేది?

ఇప్పుడు కొట్లో కూచుంటున్నాడు. రాత్రి షట్టరు దించాక వారానికోసారి నాకు ఫోను చేస్తాడు. మొన్న అడిగిన ప్రశ్న: "ఒరే, వేసవిలో వాలమూరు ఏట్లో నడుము లోతు నీళ్ళుంటాయా, మోకాలు దాకానా? పెద్దాయన్ని కనుక్కోవూ?" అక్కడికి ఫోను కలవడం గగనం. మారేడుమిల్లి సంతకు వెళ్ళే జీపు డ్రైవరు ద్వారా కబురు పెట్టాను. జవాబు ఇంకా రాలేదు.