బలవంతంగా మంచితనం రాదు



మత తీవ్రవాదం, స్వేచ్ఛ, నీతి గురించి ఈ మధ్య ఒక వ్యాసం మేమంతా కూర్చుని చదివాం. స్వేచ్ఛ ఇస్తే మనుషులు చెడిపోతారు, మతం పేరుతో కట్టడి చేస్తేనే దారిలో ఉంటారు అనేవాళ్లకి ఏం జవాబు చెప్పాలన్నదే అందులో ప్రశ్న. ఈజిప్టు రచయిత సయ్యద్ ఖుతుబ్ 1948లో అమెరికా వెళ్లి, అక్కడి జీవితం చూసి ఇలాంటి అభిప్రాయంతోనే తిరిగొచ్చాడు. 1966లో ఆయన్ని ఉరితీశారు గానీ ఆ వాదన మాత్రం పోలేదు.

ఇదెక్కడో దూరపు గొడవ అనుకోకండి. రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు వైపు నుంచి చదువుకోడానికి రాజమండ్రి వచ్చిన మనల్ని ఊళ్లో పెద్దోళ్లు అనేది కూడా ఇదే కదా, టౌనుకెళ్తే పిల్లలు పాడైపోతారని. వాళ్ల భయం ఊరికే పుట్టలేదు. ఇక్కడ మనల్ని అడిగేవాళ్లు లేరు. కానీ కాపలా ఉన్నంతసేపే దొంగతనం చేయనివాణ్ని నిజాయితీపరుడు అంటామా? ఎవరూ చూడనప్పుడు నిలబడేదే అసలు నీతి అని మా అభిప్రాయం.

మనం రోజూ తిరిగే ఈ ఊళ్లోనే 1881 డిసెంబర్ 11న కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించారు. ధర్మం చెడిపోతుందని ఛాందసులు ఎదురు తిరిగారు. పెళ్లికి సాయం చేసినవాళ్లని వెలేశారు. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు రావడం మానేస్తే, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే వంట చేసి, గోదావరి నుంచి నీళ్లు తెచ్చారు. ఆయనకి అండగా నిలబడినవాళ్లలో విద్యార్థులూ ఉన్నారు, మనలాంటి వయసువాళ్లే. చిన్న పిల్లని బలవంతంగా విధవగా ఉంచితే అది శిక్ష అవుతుంది గానీ శీలం ఎలా అవుతుంది?

ఆ వెలి ఇప్పుడు మన గూడేల్లోకి రెండు వైపుల నుంచీ వస్తోంది. ఒకవైపు, చర్చికెళ్లే కుటుంబంతో మాటలు మానేయమంటారు. ఇంకోవైపు, భూమి పండగ దెయ్యాల పని, అన్న ఇంట్లో అన్నం కూడా ముట్టొద్దు అంటారు. ఇద్దరూ మంచి కోసమే అంటారు. మధ్యలో తెగిపోయేది అన్నదమ్ముల బంధం.

దీనికి తోడు డీలిస్టింగ్ గొడవ. మతం మారిన ఆదివాసీలను ఎస్టీ జాబితా నుంచి తీసేయాలన్న డిమాండ్ కార్తీక్ ఓరావ్ కాలం నుంచీ ఉంది. కానీ 1950 నాటి ఎస్టీల ఉత్తర్వులో మతం షరతు లేదు, ఎస్సీల ఉత్తర్వులోనే ఉంది. అంటే మనం ఎస్టీలం అయ్యింది తెగని బట్టి. 2004లో కేరళ కేసులో సుప్రీంకోర్టు మతం మారినంత మాత్రాన ఎస్టీ హోదా పోదంది. అయితే ఆ మనిషి తెగ ఆచారాలు, సంప్రదాయాలు ఇంకా పాటిస్తున్నాడా అన్నది చూడాలని కూడా అంది. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఆచారాలన్నీ వదిలేయమనే బోధకుడూ, వాణ్ని తెగలోంచి వెలేసే పెద్దా, ఇద్దరూ తెలియకుండానే మన సర్టిఫికెట్‌ని చింపుతున్నారు. మన హాస్టల్ సీటు, ఫీజు, 1/70 చట్టం కింద భూమి అన్నీ దానిమీదే ఉన్నాయి.

ఆర్టికల్ 25 అందరికీ మనస్సాక్షి స్వేచ్ఛ ఇచ్చింది. ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం అనే హద్దులూ పెట్టింది. అంటే నమ్మకం ఎవరిది వాళ్లదే, పక్కవాడి మీద దౌర్జన్యం చేసే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వేసవి సెలవలకి ఊరెళ్లినప్పుడు ఒక పని చేద్దాం. చర్చికెళ్లే వాళ్లింటికెళ్లి అన్నం తిందాం. భూమి పండగకి వాళ్లని పిలుద్దాం. వస్తే సంతోషం, రాకపోతే బలవంతం వద్దు. ఎవరినైనా వెలేయాలన్న మాట పంచాయితీలో వస్తే మాత్రం పెద్దల ముందు మర్యాదగానే లేచి, వద్దని చెబుదాం. చదువుకున్నందుకు ఆ మాత్రం ధైర్యం మనకి ఉండాలి.

జై ఆదివాసీ!