అన్నా యను పిలుపు



2017వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన అమెరికా దేశపు కాన్సాస్ రాష్ట్రమున, ఒలేతా యను పట్టణమున జరిగిన ఘోరము తెలుగువారి యిండ్లలో నేటికిని మఱపునకు రాలేదు. పని ముగించుకొని మిత్రునితో గూడ భోజనశాలలో గూర్చుండిన కూచిభొట్ల శ్రీనివాస్ అను 32 ఏండ్ల ఇంజనీరును ఒక తెల్లవాడు “మా దేశము విడిచి పొండు” అని కేకలు వైచి తుపాకితో గాల్చి చంపెను. మిత్రుడు మాదసాని ఆలోక్ గాయపడెను. హంతకునకు 2018లో యావజ్జీవ శిక్ష పడినది. ఆ రాత్రి ఆ శాలలోనే యున్న ఇయాన్ గ్రిలట్ అను 24 ఏండ్ల తెల్లజాతి యువకుడు హంతకుని వెంబడించి, తానును గుండుదెబ్బ తిని, బ్రదికి బయటపడెను. అతడు అధికారి కాడు, నాయకుడు కాడు. ఆట చూచుటకు వచ్చిన సామాన్యుడు. హ్యూస్టన్ నగరమందలి భారతీయులు కృతజ్ఞతతో అతనికి ఇల్లు కొనుటకై లక్ష డాలరులు ప్రోగుచేసి యిచ్చిరి.

ఈ వార్త విని కంట తడిపెట్టని తెలుగు తల్లి లేదు. అయితే మేము మిమ్ము నొక ప్రశ్న యడుగ దలచినాము. ఆ హంతకుని నోట వెలువడిన మాటకు తోబుట్టువులైన మాటలు మన వీథిలో వినబడినపుడు మన మేమి చేయుచున్నాము?

మా వారు పటాన్‌చెరు ప్రాంతమున ఉపాధ్యాయులు. ఇచ్చట పాశమైలారము, బొల్లారము, గడ్డపోతారము మొదలగు చోట్ల పరిశ్రమలు కలవు. బీహారు, ఒడిశా, ఝార్ఖండ్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రముల నుండి వేలకొలది జనులు వచ్చి వానిలో పనిచేయుచున్నారు. మనము మ్రింగు మాత్రలు, వాడుకొను వస్తువులు అనేకము వారి చేతులమీదుగా వచ్చునవే. అయినను వారికి మన వాడలలో పేరు లేదు. “హిందీవాండ్లు” అనునదే పేరు. ఇల్లు అద్దెకు అడుగబోయిన, ఏ రాష్ట్రమని మొదటి ప్రశ్న. లేదని వెంటనే జవాబు.

ఒక వేసవిలో మా వీథికి నీళ్ల ట్యాంకరు వచ్చినది. వరుసలో ముందు నిలిచిన ఒక ఒరియా స్త్రీని మా పొరుగున నుండు పెద్దావిడ “నువ్వు అవతల నిలబడు. మా ఊరోళ్లు పట్టుకున్నంక మిగిలితే నీకు” అని బిందె ప్రక్కకు నెట్టెను. ఆ స్త్రీ చంకలో బిడ్డ. భాష రాదు గాని భావము తెలియనిది కాదు. కనులు దించుకొని వెనుకకు జరిగెను.

మేము “పెద్దమ్మా, మీ చిన్నబ్బాయి దుబాయిలో ఉన్నాడు గదా. అక్కడ ఎవరైనా వాణ్ణి ఇట్లే నెట్టితే మీకెట్లుంటది?” అని యడిగితిమి.

“నీకెరుక లేదు బిడ్డా. ఈళ్లు వచ్చినంకనే కిరాయిలు పెరిగినయి, నీళ్లు కరువైనయి. వానికీ దీనికీ పోలికేంది?” అని ఆమె మండిపడెను.

“కిరాయి పెంచినది మనము పెద్దమ్మా, వాళ్లు కట్టినారు” అని మాత్రము చెప్పి, ఆ బిందెను మరల వరుసలో పెట్టితిమి. ఆమె రెండు మాసములు మా వాకిట అడుగు పెట్టలేదు. పండుగనాడు పసుపుకుంకుమలకు పిలువలేదు. ఇరుగుపొరుగుల మధ్య బ్రదుకు స్త్రీకి అది తక్కువ దండన కాదు. కాని మఱునాటినుండి బిందెలు వచ్చిన వరుసనే నిలిచినవి.

ఇది మా సొంత భావము మాత్రము కాదు. మన రాజ్యాంగపు 15వ అధికరణము మతము, జాతి, కులము, లింగము, పుట్టినచోటు అను నయిదింటిని ఒకే వరుసలో జేర్చి, వీని కారణమున ఎవరిని గాని ప్రజలకై యున్న బావుల నుండి, చెఱువుల నుండి, బాటల నుండి తొలగింపరాదని శాసించినది. ఒలేతాలో జాతి, మన వీథిలో పుట్టినచోటు. విషవృక్షమొక్కటే, కొమ్మలు వేఱు.

ఆ వృక్షమునకు రంగు అను కొమ్మయు గలదు. 1972లో పటాన్‌చెరులో నెలకొల్పిన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధనా సంస్థకు ఆఫ్రికా దేశములనుండి శాస్త్రజ్ఞులు, విద్యార్థులు వచ్చుచుందురు. వారిని బజారులో జూచి మన పిల్లలు నవ్వుట, పెద్దలు వారింపకుండుట మేము చూచినాము. ఆ పిల్లలు తినివచ్చిన జొన్నరొట్టె యెక్కడిది? జొన్నకు పుట్టినిల్లు ఆఫ్రికా. సజ్జయు, రాగియు అచ్చటివే. వేల యేండ్ల క్రిందట ఆ నల్లని చేతులు అడవిగడ్డిని గింజగా మార్చి పెంచినందుననే మన మెదకు సీమ కరవుకాలమందు బ్రదికినది. మఱియు భారతమును వ్రాసిన వ్యాసుడు కృష్ణద్వైపాయనుడు. ద్రౌపదికి కృష్ణ యని పేరు. నలుపును పూజామందిరమున నుంచి వీథిలో వెక్కిరించుట యేమి న్యాయము?

ఇక దానధర్మముల మాట. మనవారు దయ లేనివారు కారు. 2020లో కరోనా కాలమున రాకపోకలు నిలిచినపుడు, కందిలోని ఐఐటి కట్టడములందు పనిచేయు కూలీలు తమ్ము ఇండ్లకు పంపుడని ఏప్రిల్ 29న గుమిగూడి మొఱపెట్టిరి. మే 1న లింగంపల్లినుండి ఝార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో దేశమందలి మొదటి శ్రామిక రైలు బయలుదేరెను. ఆ దినములలో రొట్టెలు కాల్చి పంచిన గృహిణులు మా యెఱుకలో ఎందఱో కలరు. 2025 జూన్ 30న పాశమైలారములోని సిగాచీ పరిశ్రమలో ప్రేలుడు సంభవించి 50 మందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. వారిలో పెక్కుమంది పరరాష్ట్రములవారే. గుర్తింపరాని దేహములకు డి.ఎన్.ఎ. పరీక్షలు చేసి, బంధువులకు అప్పగింపవలసివచ్చెను. మా వీథివారమును అన్నపు పొట్లములు, త్రాగునీరు కొనిపోయితిమి. మా పెద్దమ్మయు వచ్చి, ఒక బీహారు ముసలితల్లి చేయి పట్టుకొని, మాట రాక, చాలసేపు కూర్చుండెను.

అపుడు మాకు దోచినదొక్కటే. చచ్చినవాని తల్లికి మన మిచ్చు అన్నము మంచిదే. కాని వాడు బ్రదికియుండగా గది అడిగినపుడు లేదన్నవారము, నీటివరుసలో వెనుకకు నెట్టినవారమును మనమే గదా! ఆపదనాటి దయ సులభము. అది ఒక దినపు పని. మామూలు దినములందలి మర్యాద నిత్యము చేయవలసిన పని, అందుకే కష్టము.

భాగవతములో రంతిదేవుని కథ మన మెఱుగుదుము. 48 దినములు ఆకలిదప్పులతో నుండి, దొరికిన కొలది యన్నమును అతిథులకు వరుసగా పెట్టివేసెను. తుదకు మిగిలిన గ్రుక్కెడు నీటిని, ఆనాటి సంఘము వెలివైచిన యొకడు వచ్చి యడిగెను. పోతనగారి రంతిదేవుడు వానిని “అన్నా” యని పిలుచును. నీటికంటె ముందు ఆ పిలుపు అందినది.

గృహిణులమైన మనకు అధికారము లేదు, ధనమును స్వల్పము. కాని ఇల్లు అద్దెకిచ్చునపుడు ఊరు అడుగక నడవడి నడుగవచ్చును. జననపత్రము లేదని బిడ్డను బడికి నిరాకరింపరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. ఆ సంగతి తెలియని తల్లిని వెంటబెట్టుకొని బడికి పోవచ్చును. సొంతరాష్ట్రపు రేషను కార్డు పైన కేంద్రపు బియ్యము ఇచ్చటి దుకాణమునను పొందవచ్చునని చెప్పవచ్చును. సహాయనిధికి పంపు సొమ్మునకు లెక్క అడిగి పంపవచ్చును. మన యెదుట ఎవరైనను ఒక జాతిని, ఒక రంగును, ఒక రాష్ట్రమును హీనపఱచినపుడు, కోపము లేకుండ, భయము లేకుండ, “అట్లనకుడు” అను నొక్క మాట అనవచ్చును. ఆ మాటకు వెలగా కొంతకాలము పసుపుకుంకుమల పిలుపు పోవచ్చును, పోనిండు. గ్రిలట్ చెల్లించిన వెల యెదుట అది యెంత?