సిక్కోలు నుంచి కల్బా దాకా ఒకే తుఫాను

మారిషస్ నుంచో, దక్షిణాఫ్రికా నుంచో పూర్వీకుల ఊరు చూడడానికి ఆంధ్రకు వెళ్తున్నారా? దారిలో దుబాయిలో ఒక రోజు దొరికితే తూర్పు తీరానికి వెళ్ళండి. ముందు ఇసుక, తర్వాత చెట్టూ చేమా లేని హజర్ కొండలు కనిపిస్తాయి. కొండలు దాటితే ఫుజైరా. రెండు గంటలలోపే చేరుకుంటారు.

ఏడు ఎమిరేట్లలో తీరమంతా ఒమాన్ గల్ఫ్ వైపే ఉన్నది ఫుజైరా ఒక్కటే. దానికి దక్షిణంగా, షార్జాకు చెందిన కల్బా ఉంది. దుబాయి ముందున్న సముద్రం మూడు వైపులా నేల కమ్ముకున్న మడుగు లాంటిది. ఇక్కడి సముద్రం అలా కాదు, అరేబియా సముద్రంలోకి తెరిచిన వాకిలి. ఆ వాకిలి గుండా చేపలూ, ఓడలూ, అప్పుడప్పుడు తుఫానులూ వస్తాయి.

2007 జూన్‌లో గోను వచ్చింది. అప్పటికి అరేబియా సముద్రంలో నమోదైన తుఫానులన్నిటిలో బలమైనది అదే. దాని గాలి ఒక దశలో గంటకు 240 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది. ఒమాన్‌లో సుమారు 50 మంది చనిపోయారు. ఎడారి పొడిగాలి తగిలి బలం తగ్గినా, ఫుజైరా, కల్బా తీరాల్లో అలలు రోడ్డెక్కాయి. తీరం దగ్గరి జనం ఇళ్ళు వదిలి వెళ్ళాల్సి వచ్చింది. ఫుజైరా రేవులో పని ఆగిపోయింది.

అట్లాంటిక్‌లో హరికేన్ అనేదీ, మారిషస్‌లో మీ పెద్దలు 1960 నాటి కెరోల్ పేరుతో తలచుకునేదీ ఇదే. ఒక్క తేడా ఉంది. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న మారిషస్‌లో, ఫిజీలో తుఫాను గడియారం ముల్లు తిరిగే దిక్కున తిరుగుతుంది. ఇక్కడా, ఆంధ్రలోనూ దానికి ఎదురు దిక్కున తిరుగుతుంది.

ఇప్పుడు మన కథకు వద్దాం. 2021 సెప్టెంబరు 26న గులాబ్ అనే తుఫాను శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర తీరం దాటింది. సాధారణంగా తుఫాను నేల మీద చచ్చిపోతుంది. ఇది పూర్తిగా చావలేదు. బలహీనపడి, తెలంగాణను తడిపి, మహారాష్ట్ర దాటి అరేబియా సముద్రంలో పడింది. అక్కడ వేడినీళ్ళు తాగి మళ్ళీ లేచింది. ఈసారి దాని పేరు షాహీన్, అంటే డేగ. అక్టోబరు 3న అది కల్బాకు దక్షిణాన ఉన్న ఒమాన్ బాతినా తీరాన్ని తాకింది. మస్కట్‌లోని రుసైల్‌లో కార్మికుల వసతి మీద కొండచరియ విరిగిపడి ఇద్దరు కార్మికులు చనిపోయారు.

సిక్కోలు నుంచి గల్ఫ్‌కు పనికి వచ్చినవాళ్ళు ఎందరో ఉన్నారు. ఒక వారం వాళ్ళు ఇంటికి ఫోను చేసి "ఇంటికప్పు ఉందా?" అని అడిగారనుకోండి. మరుసటి వారం ఇంటివాళ్ళు ఫోను చేసి "నువ్వు ఎక్కడున్నావు నాయనా?" అని అడగాల్సిన పరిస్థితి. తుఫాను ఒక్కటే, భయం మాత్రం రెండు తీరాలది.

ఈ ప్రయాణంలో కొన్ని మాటలు కూడా నేర్చుకోండి. మనం రోజూ వాడే "తుఫాను" ఉర్దూ ద్వారా వచ్చింది. అరబ్బీలో "తూఫాన్" అంటే జలప్రళయం. మన పాతమాట "గాలివాన". సముద్రం నేల మీదికి పొంగి వస్తే "ఉప్పెన". ఎక్కువ ప్రాణాలు తీసేది గాలి కాదు, ఉప్పెనే. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని తీసుకుపోయిందీ అదే. 1839 నవంబరులో కోరంగి రేవును ముంచిందీ అదే. మారిషస్‌లో తెలుగువాళ్ళను "కోరింగీలు" అన్నది ఆ రేవు పేరు మీదే. మీ ముత్తాతల ముత్తాతలు ఓడ ఎక్కిన కాలంలో ఆ తీరం అలా ఉండేది.

కల్బాలో ఖోర్ కల్బా అనే ఉప్పునీటి పాయ ఉంది. దాని ఒడ్డున మడ చెట్లు చూడండి. కోరంగిలోనూ మడ అడవే ఉంది. బురదలోంచి పైకి పొడుచుకువచ్చిన వేళ్ళు అలల జోరును తగ్గిస్తాయి. ఊరికి అవి కట్టని గోడ.

మే, జూన్, అక్టోబరు, నవంబరు నెలల్లో వెళ్తే ముందు వాతావరణ సూచన చూసుకోండి. కొండల్లో వాన పడితే ఎండిన వాదీలు చూస్తుండగానే పొంగుతాయి. వాదీ అంటే వాగే. అందులో కారు నిలపకండి.

అక్కడ ఏ కొట్టులోనో తెలుగు వినిపిస్తే, "మీదే ఊరండీ?" అని అడగండి. "సిక్కోలు" అని జవాబు వస్తే గులాబ్ సంగతి ఎత్తండి. మీకు వచ్చిన నాలుగు తెలుగు ముక్కలూ ఆ మాటలకు సరిపోతాయి.